డిస్నీ సంస్థ: వాటాదారు చూపు, ఉద్యోగి చూపు

ఒక పెద్ద సంస్థ పేరు వినగానే మన విద్యార్థులకు రెండు కోరికలు పుడతాయి. చదువు ముగించి అందులో ఉద్యోగం సంపాదించాలన్నది మొదటిది. చేతిలో నాలుగు రాళ్ళు పడిన తరువాత ఆ సంస్థ వాటా ఒకటి కొని పెట్టుకోవాలన్నది రెండవది. ఈ రెండు కోరికలకు ఆధారం సాధారణంగా ఆ సంస్థ పేరు ప్రతిష్ఠలే. లెక్కలు చూచేవారు తక్కువ. చూచినవారైనా వాటాదారుగానో, ఉద్యోగిగానో, ఏదో ఒక వైపు నుండి మాత్రమే చూస్తారు. ఒకే సంస్థను రెండు వైపుల నుండి చూస్తే ఏమి కనబడుతుందో, అందరికీ తెలిసిన ఒక పేరును తీసుకొని ఈ వ్యాసంలో వివరించదలచినాము. ఆ పేరు వాల్ట్ డిస్నీ కంపెనీ.

'తమాషా' అన్న మాట ఉర్దూలోను తెలుగులోను ఒకే విధంగా పలుకుతుంది. తమాషాను సరుకుగా చేసి అమ్మడం ఈ సంస్థ వృత్తి. ఇది ఉప్పు పప్పుల వంటి సరుకు కాదు గనుక దీనికి గిరాకి ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు పడిపోతుందో ముందుగా చెప్పలేము. కాని ప్రజలకు ఒకసారి నచ్చిన బొమ్మ పాత్ర ముసలిది కాదు, జీతం అడగదు, ప్రతి తరానికి కొత్తగా అమ్ముడుపోతుంది. శతాబ్దం దాటిన డిస్నీ చరిత్ర అంతా ఈ రెండు సత్యాల నడుమనే నడచినది.

వాల్ట్ డిస్నీ, ఆయన అన్న రాయ్ డిస్నీ కలిసి 1923 అక్టోబరు 16న లాస్ ఏంజిలిస్ నగరంలో ఈ వ్యాపారం ప్రారంభించినారు. కథలు కల్పించి బొమ్మలు కదిలించడం తమ్ముని పని. అప్పులు తెచ్చి లెక్కలు సరిచూడడం అన్న పని. 1928లో వారికి పెద్ద దెబ్బ తగిలినది. వారు తయారుచేసిన ఆస్వాల్డ్ అనే కుందేలు పాత్ర మంచి ప్రజాదరణ పొందినది. కాని ఒప్పందం ప్రకారం ఆ పాత్రపై హక్కు యూనివర్సల్ వారిది. మధ్యవర్తియైన చార్లెస్ మింట్జ్ డిస్నీ సోదరుల వద్ద పనిచేస్తున్న చిత్రకారులలో చాలమందిని తన వైపు త్రిప్పుకొన్నాడు. కుందేలూ పోయినది, చిత్రకారులూ పోయినారు. ఆ నష్టం తరువాత పుట్టినదే మిక్కీ అనే ఎలుక. 1928 నవంబరు 18న న్యూయార్కులో ప్రదర్శించిన 'స్టీమ్‌బోట్ విల్లీ' అనే చిన్న చిత్రంతో ఆ ఎలుక లోకప్రసిద్ధి పొందినది. అప్పటి నుండి పాత్రలపై హక్కు చేయి దాటిపోరాదన్నది డిస్నీ వారికి శాసనమైనది. (పోయిన కుందేలు 2006లో ఇల్లు చేరినది. డిస్నీ వారు తమ వద్దనున్న ఆల్ మైకేల్స్ అనే క్రీడా వ్యాఖ్యాతను ఎన్‌బీసీ యూనివర్సల్‌కు వదలిపెట్టి, అందుకు బదులుగా పుచ్చుకొన్న వాటిలో ఈ కుందేలు ఒకటి. ఒక మనిషిని ఇచ్చి ఒక కుందేలును తెచ్చుకొన్న బేరం వాణిజ్య చరిత్రలో అరుదు.)

ఈ కథలో వాటాదారుకు హక్కుల విలువ కనబడుతుంది. ఈ సంస్థ అసలు ఆస్తి భవనాలు కావు, హక్కులు. ఉద్యోగికి కనబడవలసినది వేరు. గీసిన చేయి ఎవరిదైనను, గీసిన బొమ్మ సంస్థదే.

1937 డిసెంబరులో వెలువడిన 'స్నో వైట్' నిడివైన చిత్రం, అంతవరకు అప్పులతో నడచిన సంస్థకు ధనరాశిని తెచ్చిపెట్టినది. ఆ ధనంతో బర్బాంక్‌లో కొత్త స్టూడియో నిర్మించి, మరింత ఖర్చుతో 'పినాకియో', 'ఫాంటాసియా' చిత్రాలు తీసినారు. అవి 1940లో వచ్చునాటికి యుద్ధం కారణంగా ఐరోపా మార్కెట్టు మూతపడినది. అప్పు తీర్చడానికి 1940 ఏప్రిల్‌లో మొదటిసారి ప్రజలకు వాటాలు అమ్మి సుమారు 36 లక్షల డాలర్లు సేకరించినారు. వాటాదారులు వచ్చిన తరువాత పొదుపు వచ్చినది, పొదుపుతో ఉద్యోగాల కోత భయం వచ్చినది. అంతవరకు వాల్ట్‌ను పేరు పెట్టి పిలుస్తూ రాత్రింబవళ్ళు పనిచేసిన చిత్రకారులు తమ వేతనాలలోని హెచ్చుతగ్గులను లెక్కవేసుకొనసాగినారు. పేరుపొందిన చిత్రకారుడు ఆర్ట్ బాబిట్‌ను సంఘ కార్యకలాపాల కారణంగా తొలగించగానే, 1941 మే 29న సమ్మె మొదలైనది. వారాల తరబడి సాగిన ఆ సమ్మె చివరకు సంస్థ సంఘాన్ని గుర్తించక తప్పలేదు. వాటాదారు ప్రవేశించిన మరుసటి యేడే సమ్మె రావడం కేవలం కాకతాళీయమని మేము భావించడం లేదు. యజమాని ఒక్కడే ఉన్నంతవరకు మాట చాలును. యజమానులు వేలమందియైన పిమ్మట లెక్కలే మాట్లాడుతాయి.

తరువాతి మజిలీలు త్వరగా దాటవచ్చును. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచినారు. దానికి బ్యాంకులు వెనుకాడినప్పుడు ఏబీసీ అనే టెలివిజన్ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టి, అప్పులకు హామీ ఇచ్చి, మూడవ వంతు వాటా తీసుకొన్నది. నలుబది సంవత్సరాల తరువాత ఆ ఏబీసీనే డిస్నీ కొనివేసినది. 1957లో న్యూయార్కు స్టాక్ ఎక్స్చేంజిలో వాటాల క్రయవిక్రయాలు మొదలైనవి. 1966లో వాల్ట్ మరణించినాడు. ఫ్లోరిడాలోని పెద్ద ఉద్యానం 1971 అక్టోబరు 1న తెరుచుకొన్నది, అదే యేడు డిసెంబరులో అన్న రాయ్ కన్నుమూసినాడు.

నేటి సంస్థ ప్రధానంగా కొనుగోళ్ళతో ఏర్పడినది. ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌లతో కూడిన సంస్థను సుమారు 1,900 కోట్ల డాలర్లకు, 2006లో పిక్సార్‌ను 740 కోట్ల డాలర్లకు, 2009లో మార్వెల్‌ను 400 కోట్ల డాలర్లకు, 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను దాదాపు అంతే ధరకు కొన్నది. వీటన్నిటిని మించినది 2019 మార్చిలో ట్వెంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్ ఆస్తులను 7,130 కోట్ల డాలర్లకు కొనడం. మొదటి నాలుగు కొనుగోళ్ళు మంచి బేరాలు. అయిదవదానిని గురించి నిపుణులలో నేటికీ వాదం ఉన్నది. మా దృష్టిలో అది ధర ఎక్కువైన బేరమే.

ఇంత పెద్ద సంస్థకు లాభం ఎక్కడ నుండి వస్తున్నది? సినిమాల నుండి అని చాలమంది అనుకొంటారు. 2024 సెప్టెంబరుతో ముగిసిన సంవత్సరంలో మొత్తం రాబడి సుమారు 9,140 కోట్ల డాలర్లు. మూడు విభాగాలు కలిసి ఆర్జించిన నిర్వహణ లాభం సుమారు 1,560 కోట్లు. ఇందులో 930 కోట్లు ఉద్యానాలు, ఓడలు, బొమ్మ వస్తువులు చేరిన విభాగానివి. సినిమాలు, టెలివిజన్, ఇంటింటికి ప్రసారం చేసే డిస్నీ ప్లస్ అన్నీ కలిసి 390 కోట్లు మాత్రమే. క్రీడా ప్రసారాలు 240 కోట్లు. అనగా ప్రతి 10 డాలర్ల లాభంలో 6 డాలర్లు టిక్కెట్టు చింపేవాని, గది శుభ్రపరచే స్త్రీ, వంటశాలలో చెమటోడ్చే వాని చేతుల మీదుగా వస్తున్నవి. సినిమా పాత్రను పరిచయం చేస్తుంది, ఉద్యానం దానిని సొమ్ము చేస్తుంది. సినిమా లేకపోతే ఉద్యానానికి జనం రారు, నిజమే. అయితే మదుపు పెట్టదలచిన వ్యక్తి కొత్త చిత్రం ఎంత వసూలు చేసినదని మాత్రమే చూస్తే కొసను చూచి మొదలు మరచినట్లే. ఈ ఉద్యానాలు, ఓడల విభాగం మీద పది సంవత్సరాలలో సుమారు 6,000 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని 2023లో సంస్థ ప్రకటించడానికి కారణం ఇదే.

వాటా ధర సంగతి చూద్దాము. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ ప్రారంభమైనప్పుడు మదుపరులు లాభాన్ని అడగలేదు, చందాదారుల సంఖ్యను అడిగినారు. సంఖ్య పెరిగినకొద్దీ ధర పెరిగి 2021 మార్చిలో వాటా 200 డాలర్లు దాటినది. ఆ ప్రసార విభాగం 2022 ఆర్థిక సంవత్సరంలో 400 కోట్ల డాలర్లు నష్టపోయినదని తేలేసరికి అదే మదుపరులు లాభమేదని అడిగినారు. 2023 అక్టోబరునాటికి వాటా 80 డాలర్లకు దిగిపోయినది. ఇందులో విద్యార్థులు గమనించవలసిన ఒక చిన్న లెక్క ఉన్నది. 2014 ఆరంభంలో ఈ వాటా ధర సుమారు 76 డాలర్లు. అప్పుడు కొని దాదాపు పది సంవత్సరాలు ఓపిక పట్టినవానికి డాలర్లలో మిగిలినది లాభాంశాలు తప్ప దాదాపు ఏమీ లేదు. ఆ లాభాంశం కూడ 2020 మేలో ఆగిపోయి, 2024 జనవరిలో గాని తిరిగి రాలేదు. కొన్నవాడు భారతీయుడైతే, 2014లో 62 రూపాయలున్న డాలరు 2023లో 83 రూపాయలైనది గనుక, రూపాయలలో కొంత లాభం కనబడుతుంది. అది డిస్నీ ఇచ్చిన లాభం కాదు, మన రూపాయి దిగజారినందువలన కనబడిన లాభం.

మన దేశంలో నివసించేవారు రిజర్వు బ్యాంకు నిబంధనలకు లోబడి ఆర్థిక సంవత్సరానికి తలకు 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చును, ఆ డబ్బుతో ఇటువంటి వాటాలు కొనవచ్చును. లాభాంశంలో నూటికి 25 వంతులు అమెరికా ప్రభుత్వం ముందుగానే మినహాయించుకొంటుంది. ఆ మినహాయింపును ఇక్కడి ఆదాయపు పన్ను లెక్కలో చూపుకొనవచ్చును.

మన కళాశాల పాఠకులలో పలువురికి ఇంకొక ప్రశ్న తప్పక కలుగుతుంది: ఇటువంటి వాటా ధర్మసమ్మతమా? ఇస్లామీయ మదుపు సూచీలు మొదట సంస్థ వృత్తిని, తరువాత దాని వడ్డీ అప్పును పరిశీలిస్తాయి. అప్పు సంస్థ విలువలో మూడవ వంతుకు మించరాదన్నది స్థూలంగా వారి కొలత. డిస్నీకి 2024 సెప్టెంబరునాటికి సుమారు 4,580 కోట్ల డాలర్ల అప్పు ఉన్నది. అప్పు కొలతలో సంస్థ నెగ్గినా, వినోద వృత్తి దగ్గరనే నిలిపివేసే సూచీలు ఉన్నవి. ఇది ఉలమాలను అడిగి తెలుసుకొనదగిన విషయం. మేము కొలతలను మాత్రమే చెప్పగలము.

ఇక ఉద్యోగి వైపు వద్దాము. 2024 సెప్టెంబరునాటికి సంస్థలో సుమారు 2,33,000 మంది పనిచేస్తున్నారు. నాలుగింట మూడు వంతులకు దగ్గరగా అమెరికాలోనే. ఉద్యానాలలో పనిచేసే వారిని 'నటవర్గ సభ్యులు' అని పిలవడం అక్కడి ఆచారం. ఊడ్చేవాడు కూడ రంగస్థలం మీద ఉన్నట్లే ప్రవర్తించాలన్నది దాని అర్థం. పిలుపు గౌరవమైనదే గాని ఇంటి అద్దె పిలుపుతో తీరదు. కాలిఫోర్నియాలోని డిస్నీ ఉద్యానాల కార్మికుల సంఘాలు చేయించిన సర్వే ఒకటి 2018లో వెలువడినది. అందులో సమాధానమిచ్చినవారిలో దాదాపు పదిమందికి ఒకరు, అంతకు ముందటి రెండు సంవత్సరాలలో కొంతకాలమైనా ఇల్లు లేక గడిపినట్లు చెప్పినారు. సంస్థ ఆ సర్వేను అంగీకరించలేదు. అదే 2018 సంవత్సరానికి సంస్థ అధినేత బాబ్ ఐగర్ అందుకొన్నది 6 కోట్ల 56 లక్షల డాలర్లు. సంస్థ స్వయంగా ప్రకటించిన లెక్క ప్రకారమే అది మధ్యస్థ ఉద్యోగి వేతనానికి 1,424 రెట్లు. దీనిని బహిరంగంగా విమర్శించినవారిలో రాయ్ డిస్నీ మనుమరాలు అబిగైల్ డిస్నీ ఒకరు.

సంస్థ చేసిన మంచిని కూడ చెప్పవలెను. గంటల లెక్కన పనిచేసేవారు కళాశాలలో చేరి చదువుకొంటే రుసుము మొత్తం సంస్థయే చెల్లించే పథకాన్ని 2018లో ప్రారంభించినారు. చదువుతో ముడిపడిన ఇటువంటి ఏర్పాటు మన దేశంలోని పెద్ద సంస్థలకు ఆదర్శం కాదగినది.

మా అభిప్రాయంలో ఈ సంస్థను అర్థం చేసుకొనడానికి 2023 ఫిబ్రవరి నెల ఒక్కటి చాలును. నెల్సన్ పెల్ట్జ్ అనే మదుపరి, సంస్థ డబ్బు దుబారా చేస్తున్నదని, తనకు డైరెక్టరు పదవి కావాలని వాటాదారుల వోటు కోసం పోరాడుతున్నాడు. ఫిబ్రవరి 8న ఐగర్ 7,000 ఉద్యోగాలు తగ్గిస్తామని, 550 కోట్ల డాలర్లు ఆదా చేస్తామని ప్రకటించినాడు. మరునాడు పెల్ట్జ్ పోరాటం ముగిసినదని చెప్పినాడు (ఆయన మళ్ళీ వచ్చి 2024 ఏప్రిల్‌లో వోటులో ఓడిపోయినది వేరే కథ). ఆ నెలలోనే, కొద్ది రోజుల ముందు, ఓర్లాండో ఉద్యాన కార్మికులు సంస్థ ఇవ్వజూపిన వేతన ఒప్పందాన్ని వోటు వేసి త్రోసిపుచ్చినారు. తరువాత మార్చిలో కుదిరిన ఒప్పందం ప్రకారం కనీస వేతనం గంటకు 15 నుండి ఆ యేడాది చివరకు 18 డాలర్లైనది. 7,000 మంది జీతాలు ఒకరి లెక్కలో 'ఆదా'. అవే జీతాలు మరొకరి ఇంటిలో పొయ్యి మీది కుండ. సంఘం ఉన్నవారు బేరమాడగలిగినారు, కోతకు గురియైన కార్యాలయ ఉద్యోగులకు ఆ అవకాశం చాలవరకు లేకపోయినది.

ఈ వ్యవహారాలు మన వాకిట్లోకి కూడ వచ్చినవి. 2014 చివర ఓర్లాండోలో సుమారు 250 మంది కంప్యూటరు ఉద్యోగులకు తొలగింపు సమాచారం అందినది. భారతదేశంలో పుట్టిన ఒక పొరుగుసేవల సంస్థ ద్వారా తాత్కాలిక వీసాలపై వచ్చినవారికి తమ పనిని నేర్పి మరీ వారు వెళ్ళవలసి వచ్చినది. కొందరు న్యాయస్థానానికి వెళ్ళినారు, 2016లో ఆ వ్యాజ్యాలు కొట్టివేయబడినవి. హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళదలచిన మన కంప్యూటరు విద్యార్థులు దీనిని వచ్చినవారి వైపు నుండి మాత్రమే చదువుతారు. చౌకగా వచ్చినందుకు దొరికిన స్థానం, ఇంకా చౌకగా వచ్చేవాడు దొరికేవరకే నిలుస్తుందన్నది పోయినవారి వైపు నుండి చదివితే తెలుస్తుంది.

హైదరాబాదులోని మా టెలివిజన్ ఉద్యోగుల సంగతి చూడండి. 2015లో ఆ ప్రసార వ్యాపారాన్ని ఫాక్స్ వారి స్టార్ ఇండియా కొన్నది. 2019లో ఫాక్స్ ఆస్తులతో బాటు స్టార్ కూడ డిస్నీ చేతికి వచ్చినది. 2022లో క్రికెట్ ఐపీఎల్ డిజిటల్ హక్కులు పరుల పాలైన పిమ్మట హాట్‌స్టార్ చందాదారులు 6 కోట్ల 13 లక్షల నుండి ఒక్క సంవత్సరంలో 3 కోట్ల 76 లక్షలకు తగ్గినారు. చివరకు 2024 నవంబరు 14న స్టార్ వ్యాపారం రిలయన్సు వారి వయాకామ్18తో కలిసి జియోస్టార్ అయినది. అందులో డిస్నీ వాటా నూటికి 36.84 మాత్రమే. 2015 నుండి అదే బల్ల ముందు కూర్చొని పనిచేసిన తెలుగు ఉద్యోగికి, తాను కదలకుండానే, పదేళ్ళలో యజమాని మూడు సార్లు మారినాడు. డిస్నీలో ఉద్యోగం అని సంబరపడిన బంధువులకు మళ్ళీ కొత్త పేరు చెప్పుకొనవలసి వచ్చినది.

బొమ్మలు కదిలించే విద్య నేర్చుకొంటున్న విద్యార్థులకు ఇంకొక సంగతి ముఖ్యం. డిస్నీ చిత్రాలలోని దృశ్య చమత్కారాలలో చాలభాగం డిస్నీ ఉద్యోగులు చేసినవి కావు. 2016 నాటి 'జంగిల్ బుక్', 2019 నాటి 'లయన్ కింగ్' చిత్రాల మీద ఎంపీసీ అనే సంస్థ పనిచేసినది. అందులో బెంగళూరు శాఖ చిత్రకారుల శ్రమ కూడ ఉన్నది. 'జంగిల్ బుక్' దృశ్య చమత్కారాలకు ఆస్కారు బహుమతి కూడ వచ్చినది. ఎంపీసీకి మాతృసంస్థయైన టెక్నికలర్ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలినది, బెంగళూరు, ముంబయి శాఖలలోని వేలాది ఉద్యోగులు ఒక్కసారిగా వీధిన పడినారు. ఆ పతనానికి డిస్నీ కారణమని మేము అనడం లేదు. తెర మీద డిస్నీ పేరు, జీతపు చీటీ మీద వేరే పేరు. ఉద్యోగ భద్రతను తూచవలసినది ఆ రెండవ పేరు బలాన్ని బట్టి.

ఈ వివరాలు తెలుసుకొనడం కష్టం కాదు. అమెరికా చట్టం ప్రకారం వాటాలు అమ్మిన ప్రతి సంస్థ టెన్-కె అనే వార్షిక నివేదికను ప్రభుత్వానికి సమర్పించవలెను. అది ఇంటర్నెట్టులో ఉచితంగా లభిస్తుంది. డిస్నీ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30కి దగ్గరి శనివారంతో ముగుస్తుంది గనుక నివేదిక సాధారణంగా నవంబరులో వెలువడుతుంది. ఉద్యోగుల సంఖ్య మొదటి పుటలలోనే ఉంటుంది, విభాగాల లాభనష్టాలు మధ్యలో, అప్పుల వాయిదాలు చివరి పట్టికలలో ఉంటాయి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు రెండు మూడు సంవత్సరాల నివేదికలు ప్రక్క ప్రక్కన పెట్టి, ఉద్యోగుల సంఖ్య ఏ యేడు తగ్గినదో, ఆ యేడు లాభాంశం ఏమైనదో చూచుకొనవచ్చును. మన గ్రంథాలయంలోని కంప్యూటరు మీద ఒక మధ్యాహ్నం కూర్చొంటే జరిగే పని అది.